మ్యాడెన్ 25 ఫ్రాంచైజ్ మోడ్: ముందు లైన్ కట్టుకోండి, స్టార్లను తర్వాత చూద్దాం

మ్యాడెన్ ఎన్ఎఫ్ఎల్ 25 కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా, కొనండి, కానీ ఫ్రాంచైజ్ మోడ్ ఆడే ఓపిక ఉంటేనే కొనండి. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ (ఎన్ఎఫ్ఎల్ అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగు), మన దగ్గర ఫుట్‌బాల్ అనగానే గుర్తొచ్చే సాకర్ కాదు. 2024 ఆగస్టులో వచ్చింది, పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్, పీసీ అన్నిట్లోనూ ఉంది. నేను హన్మకొండలో ఇంట్లో పీఎస్5 మీద ఆడుతున్నా. శనివారం రాత్రి మా తమ్ముడు (చిన్నమ్మ కొడుకు), కాజీపేట నుంచి ఒకరిద్దరు దోస్తులు వచ్చి చేరితే తెల్లారేదాకా నడుస్తుంది. పైసలు పెట్టి ప్యాకులు కొనుక్కునే అల్టిమేట్ టీమ్ మోడ్ గురించి ఇక్కడ ఏమీ రాయను, నేను దాని జోలికి పోను.

ఫ్రాంచైజ్ మోడ్‌లో 32 టీముల్లో ఒకదాన్ని మన చేతిలో పెడతారు. మ్యాచ్‌లు ఆడటమే కాదు, కాంట్రాక్టులు, ట్రేడ్‌లు, స్కౌటింగ్, కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏడు రౌండ్ల డ్రాఫ్ట్ (ఒక్కో వంతును పిక్ అంటారు) అన్నీ మనమే చూసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి శాలరీ క్యాప్, అంటే టీము మొత్తం జీతాలకు పరిమితి. అసలు లీగులో 2024లో ఒక్కో టీముకు ఆ పరిమితి 255.4 మిలియన్ డాలర్లు. ఓనర్ ఎంత కోటీశ్వరుడైనా ఆ లెక్కలోనే 53 మందిని సర్దుకోవాలి, ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి కోత పెట్టాల్సిందే. ఎవరికి పెంచాలి, ఎవరికి కోయాలి అన్నదే ఈ మోడ్‌లో అసలు ఆట. బంతి పట్టుకొని పరిగెత్తే స్టార్లకా, ముందు వరుసలో నిలబడి ఒళ్లు అడ్డం పెట్టే ఐదుగురికా? నా జవాబు టైటిల్‌లోనే ఉంది.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న టీముకు మైదానంలో పదకొండు మంది ఉంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్లకు బయట ఇద్దరు టాకిల్‌లు, ఈ ఐదుగురే అఫెన్సివ్ లైన్. ఒక్కొక్కరు నూట నలభై కిలోల మనుషులు. మామూలుగా వీళ్లు పాస్ అందుకోవడానికి రూల్ ఒప్పుకోదు, పని అంతా అవతలివాడిని ఆపడమే. వెనక బంతి అందుకొని పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్, బంతి తీసుకొని దూసుకెళ్లే రన్నింగ్ బ్యాక్, దూరం పరిగెత్తి పాస్ పట్టే వైడ్ రిసీవర్లు, లైన్ పక్కన నిలబడి అడ్డుకుంటూ పాస్ కూడా పట్టే టైట్ ఎండ్, వీళ్లను స్కిల్ ప్లేయర్లు అంటారు. పోస్టర్లు వీళ్లవే, అమ్ముడుపోయే జెర్సీలు వీళ్లవే. కొత్తగా ఆడేవాడు ఎవడైనా మొదట వీళ్ల మీదే పడతాడు, అది సహజం కూడా.

మేము సిన్సినాటి బెంగాల్స్ టీమును తీసుకున్నాం. క్వార్టర్‌బ్యాక్ జో బర్రో, రిసీవర్లు జమార్ చేజ్, టీ హిగ్గిన్స్. కాగితం మీద చూస్తే కన్నుల పండుగ. మా తమ్ముడు మొదటి మ్యాచ్‌కి ముందే, "అన్నా, చేజ్‌కి బంతి వేస్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటడు" అన్నాడు. "వేసేదాకా మనల్ని నిలబడనియ్యాలె కదరా" అన్నా నేను.

ఒక్క ప్లే చెప్తా, విషయం మొత్తం అందులోనే ఉంది. థర్డ్ డౌన్, అంటే పది గజాలు పోవడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఇంకా ఎనిమిది గజాలు కావాలి. చేజ్ ఎడమ అంచున నిలబడ్డాడు, లోతుగా పోయే రూట్ (పరిగెత్తే దారి), అది తెరుచుకోవడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. స్నాప్ అయింది, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించాడు. అవతలి ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకొచ్చేవాడు) మా కుడి టాకిల్ బయటి భుజం వైపు నాలుగు అడుగులు వేశాడు, టాకిల్ వాడిని ఆపడానికి వెనక్కి జరిగి బరువంతా కుడి కాలి మీద వేశాడు, అంతే, రషర్ గిరుక్కున లోపలికి తిరిగి ఖాళీ జాగాలోంచి వచ్చేశాడు. స్క్రీన్ మీద చేజ్ తన డిఫెండర్‌ను అప్పుడే దాటుతున్నాడు. మా తమ్ముడు బటన్ నొక్కాడు, బర్రో చెయ్యి పైకి లేచింది, బంతి చెయ్యి దాటకముందే కింద పడేశారు. ఆట ఆపి ఆ టాకిల్ కార్డు తెరిచి చూస్తే పాస్ బ్లాక్ పవర్ బాగానే ఉంది, పాస్ బ్లాక్ ఫినెస్ తక్కువ. అంటే గుద్దుకుంటూ వచ్చేవాడిని ఆపగలడు కానీ తిరుగుళ్లు తిరిగేవాడి ముందు తేలిపోతాడు. మొత్తం రేటింగ్ ఒక్కటే చూసి కొనేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చింది ఈ లోతే, ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో వెతికితే దొరుకుతుంది.

ఇక్కడ బెంగాల్స్ అసలు కథ చెప్పకపోతే అన్యాయం. 2020 నవంబరులో, లీగులోకి వచ్చిన మొదటి సీజన్‌లోనే, బర్రో మోకాలి లిగమెంట్ తెగింది. తర్వాతి ఏడాది డ్రాఫ్ట్‌లో వాళ్లకు ఐదో పిక్ వచ్చింది. ఒరెగాన్ టాకిల్ పెనె సూవెల్ ఇంకా మిగిలే ఉన్నాడు, క్వార్టర్‌బ్యాక్ మోకాలు పోయింది కాబట్టి అతన్నే తీసుకోవాలని చాలామంది మొత్తుకున్నారు. వాళ్లు మాత్రం కాలేజీలో బర్రోతో కలిసి ఆడిన చేజ్‌ను తీసుకున్నారు. సూవెల్ రెండు పిక్‌ల తర్వాత డెట్రాయిట్‌కి పోయాడు. చేజ్ మొదటి సీజన్‌లోనే 1,455 గజాలు సాధించాడు, టీము ఏకంగా సూపర్ బౌల్ (లీగు ఫైనల్) దాకా వెళ్లింది. చూశారా రిసీవరే కరెక్ట్ అని అప్పట్లో అందరూ చేతులు దులుపుకున్నారు. కానీ ఆ రెగ్యులర్ సీజన్‌లో బర్రో 51 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి వేయకముందే కింద పడేశారు. ప్లేఆఫ్‌లో టెన్నెసీ మీద ఒక్క మ్యాచ్‌లోనే తొమ్మిది సార్లు, అయినా 19-16తో బయటపడ్డారు. సూపర్ బౌల్‌లో ఇంకో ఏడు. రామ్స్ మీద 23-20తో వెనకబడి ఉన్నప్పుడు చివరి ఆశగా మిగిలిన ఫోర్త్ డౌన్ ప్లేలో చేజ్ పైన జేలెన్ రామ్సీని దాటేసి పోతున్నాడు, ఇటు ఏరన్ డోనాల్డ్ లైన్‌ను చీల్చుకొని వచ్చి బర్రోను పట్టేసుకున్నాడు, బంతి గాల్లో ఎటో పోయింది. ప్రపంచంలోనే గొప్ప రిసీవర్ ఉన్నాడు, ఖాళీ దొరికింది, వేయడానికి టైం లేదు. ఆ క్లిప్ చూసిన ప్రతిసారీ నాకు కడుపు మండిపోతుంది.

కాన్సస్ సిటీ చీఫ్స్ ఇదే దెబ్బ తిన్నారు కానీ వెంటనే కళ్లు తెరిచారు. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కు వాళ్ల అసలు టాకిల్‌లు ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో లేరు. ప్యాట్రిక్ మహోమ్స్ అంతటివాడు ఆ రోజు 29 సార్లు ఒత్తిడిలో పడ్డాడు, సూపర్ బౌల్ రికార్డు అది, టాంపా 31-9తో గెలిచింది. ఆ ఏడాదే చీఫ్స్ లైన్ మొత్తం మార్చేశారు. గార్డు జో థూనీకి ఐదేళ్లకు 80 మిలియన్లు, ట్రేడ్‌లో ఓర్లాండో బ్రౌన్, రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో ట్రే స్మిత్. ఆ తర్వాత 2022 మార్చిలో, లీగులోనే అత్యంత వేగంగా పరిగెత్తే రిసీవర్ టైరీక్ హిల్‌ను ఐదు పిక్‌లకు మయామీకి ఇచ్చేశారు. అందరూ పిచ్చి పని అన్నారు. హిల్ మయామీలో వరుసగా రెండు సీజన్లు 1,700 గజాలు దాటాడు, అందులో అతని తప్పేమీ లేదు, కానీ ఆ రెండు సీజన్ల సూపర్ బౌల్‌లూ చీఫ్స్‌వే. మొదటిదాంట్లో అవతల ఉన్నది సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా, మహోమ్స్ చీలమండ నొప్పితో కుంటుతున్నాడు, అయినా ఆ రోజు ఒక్క సాక్ కూడా ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత అదే ఫిలడెల్ఫియా ముందు చీఫ్స్ లైన్ కూలింది, థూనీని గార్డు నుంచి లెఫ్ట్ టాకిల్‌కు జరపాల్సి వచ్చింది, ఆరు సాక్‌లు, 40-22తో ఓటమి. మహోమ్స్ అదే మహోమ్స్.

రన్నింగ్ బ్యాక్ విషయంలో అయితే నాకు అనుమానమే లేదు. సేక్వాన్ బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్‌కు 962 గజాలు పరిగెత్తాడు. 2024లో ఫిలడెల్ఫియా లైన్ వెనక్కి వచ్చి 2,005 పరిగెత్తాడు. దీనికి సరిగ్గా తిరగేసిన కథ డిమార్కో మర్రేది. 2014లో డాలస్ కౌబాయ్స్‌కు 1,845 గజాలు, మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు మారి 702. డాలస్‌లో మర్రే ముందు నిలబడింది టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్, ముగ్గురూ మొదటి రౌండ్ పిక్‌లే. 2014 డ్రాఫ్ట్‌లో ఓనర్ జెర్రీ జోన్స్ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్ మీద ఉంది, అప్పట్లో టీవీల నిండా ఆ కుర్రాడే. పక్కనున్నవాళ్లు పట్టుబట్టి మార్టిన్‌ను తీసుకునేలా చేశారు. మాంజియెల్ క్లీవ్‌ల్యాండ్‌లో రెండు సీజన్లకే ఖతం, మార్టిన్ తొమ్మిది సార్లు ప్రో బౌల్‌కు (లీగు మేటి ఆటగాళ్ల మ్యాచ్) ఎంపికయ్యాడు. మా తమ్ముడి అన్న ఉండేది ఫ్రిస్కోలో, కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో వరంగల్‌లో ఎవరిని అడిగినా చెప్తారు, వాళ్ల పిల్లలు అక్కడ ఈ ఆటే చూస్తూ పెరుగుతున్నారు. ఈ గేమ్ కొనడానికి నాకు అదొక కారణం, వీడియో కాల్‌లో వాడితో మాట్లాడటానికి ఒక విషయం దొరికింది.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు, కబడ్డీ చూసినవాడికి వెంటనే ఎక్కుతుంది. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు దాటించి కొన్నారు, అప్పటికి లీగు రికార్డు. దేశంలోనే మేటి రైడర్, పాయింట్లు తెచ్చాడు కూడా. కానీ వెనక కార్నర్‌లు, కవర్‌లు పట్టు నిలబెట్టకపోతే ఒక్క రైడర్ ఎంతని తెస్తాడు? 22 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున మిగిలారు. ఆ సీజన్ గుర్తుంటే మ్యాడెన్‌లో మీ మొదటి ఆఫ్ సీజన్‌కు అంతకు మించిన గైడ్ అక్కర్లేదు.

మా ఫ్రాంచైజ్‌లో చేసింది ఇదీ. హిగ్గిన్స్ కాంట్రాక్టు అయిపోగానే పొడిగించలేదు. మావాళ్లు గోల గోల చేశారు, ఒకడైతే కంట్రోలర్ పక్కన పెట్టి చాయ్ తాగొస్తానని బయటికి పోయాడు. ఆ పైసలతో ఫ్రీ ఏజెన్సీలో, అంటే కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉన్నవాళ్లలోంచి, ఒక గార్డును, ఒక రైట్ టాకిల్‌ను తెచ్చాం, డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్ సెంటర్‌కే ఖర్చు పెట్టాం. రెండో రిసీవర్‌గా నాలుగో రౌండ్ కుర్రాడు, వేగం తప్ప ఇంకేమీ లేదు. తర్వాతి సీజన్‌లో తేడా స్కోర్‌లో కన్నా ముందు చేతుల్లో తెలిసింది. పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ లైన్ కట్టే అడ్డు) నిలబడుతుంటే రెండో రిసీవర్‌ను చూసి, మూడోవాడిని చూసి, అప్పుడు వేసే వీలు దొరికింది. ఆ నాలుగో రౌండ్ కుర్రాడు కూడా పాస్‌లు పట్టడం మొదలుపెట్టాడు, ఎందుకంటే వాడి రూట్ పూర్తయ్యేదాకా బర్రో నిలబడే ఉన్నాడు. రన్నింగ్ బ్యాక్ మీద కొత్తగా ఒక్క డాలర్ పెట్టలేదు, అయినా గజాలు పెరిగాయి.

బయట నిజం బెంగాల్స్ మాకు పూర్తిగా వ్యతిరేక దారిలో పోయారు. 2025 మార్చిలో చేజ్‌కు నాలుగేళ్లకు 161 మిలియన్లు, హిగ్గిన్స్‌కు 115 మిలియన్లు ఇచ్చారు. అంతకు ముందు సీజన్‌లో చేజ్ క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ లీగులో ఫస్ట్, టీము మాత్రం 9-8తో ప్లేఆఫ్‌కి పోలేదు. అందులో వాళ్ల డిఫెన్స్ పాపం చాలా ఉంది, అంతా లైన్ మీద తోసేయడం న్యాయం కాదు. కానీ ఇద్దరు రిసీవర్లకు అంత పోసాక మిగతా వరుసలకు ఏం మిగులుతుంది అన్న ప్రశ్న మాత్రం అట్లే ఉంటుంది.

అవతలి పక్షం వాదనలోనూ బలం ఉంది. జో థామస్ క్లీవ్‌ల్యాండ్‌లో లెఫ్ట్ టాకిల్‌గా వరుసగా 10,363 స్నాప్‌లు ఆడాడు, ఒక్కటి కూడా వదలకుండా, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు, కానీ జీవితంలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. వెనక సరైన క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఎంత గొప్ప టాకిల్ అయినా ఏం చేస్తాడు? ఇంకో వాదన, మంచి లైన్‌మెన్ కింది రౌండ్లలో కూడా దొరుకుతారు కాబట్టి మొదటి పిక్ వాళ్ల మీద ఎందుకు అంటారు. నిజమే, ఫిలడెల్ఫియా లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా 2018లో ఏడో రౌండ్, 233వ పిక్. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడినవాడు, అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ ఆడలేదు. కానీ అతన్ని తయారు చేయడానికి జెఫ్ స్టౌట్‌లాండ్ లాంటి లైన్ కోచ్, రెండేళ్ల ఓపిక కావాలి, అవి అందరికీ ఉండవు. నా లెక్క ఇది: క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ముందు క్వార్టర్‌బ్యాక్, ఉంటే వెంటనే లైన్, ఆ తర్వాత ఒక మంచి రిసీవర్, రన్నింగ్ బ్యాక్ అన్నిటికన్నా ఆఖర్న. లైన్‌లో కూడా ఒక్క టాకిల్ మీద మొత్తం పోయకండి, ఐదుగురిలో బలహీనుడు ఎవడో అవతలి టీము వెతికి వాడి మీదకే వస్తుంది.

గేమ్‌లో నచ్చనిది కూడా ఉంది. లైన్‌మెన్‌కు కనిపించే లెక్కలు మరీ తక్కువ, ఎన్ని పాన్‌కేక్‌లు వేశాడు (అంటే ఎంతమందిని నేలకు పడగొట్టాడు), ఎన్ని సాక్‌లు ఇచ్చాడు, దాదాపు అంతే. రిసీవర్ చిటికె వేసినా స్టాట్ ఉంటుంది. ఐదుగురు కలిసి ఏళ్ల తరబడి ఆడితే వచ్చే సమన్వయం ఈ లైన్ ఆటకు ప్రాణం, అది నాకు గేమ్‌లో పెద్దగా కనపడలేదు, పక్కపక్కన నిలబడ్డ ఐదు రేటింగ్‌ల లాగానే ఉంటారు. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువే, ఎందుకంటే గేమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ జాన్ మ్యాడెన్ స్వయంగా లైన్‌మన్. 1958లో ఫిలడెల్ఫియా డ్రాఫ్ట్ చేసింది, మోకాలి గాయంతో ఆట ఆగిపోయింది, తర్వాత కోచ్ అయ్యాడు. ఓక్‌లాండ్ రైడర్స్‌తో 1977 జనవరిలో సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆయన లైన్ ఎడమ వైపు ఆర్ట్ షెల్, జీన్ అప్‌షా, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లే. 1988లో వచ్చిన మొదటి గేమ్ తయారయ్యేటప్పుడు, రెండు వైపులా పదకొండు మంది లేకపోతే అది ఫుట్‌బాలే కాదు, నా పేరు పెట్టొద్దు అని పట్టుబట్టింది కూడా ఆయనే. మనుషుల్ని తగ్గించి ఉంటే ముందు పోయేది లైన్‌మెన్‌లే కదా. అట్లాంటి మనిషి పేరున్న గేమ్‌లో వాళ్లకు ఇంకాస్త మర్యాద దక్కాలి.

ఒక చిట్కా. మంచి రన్ పడ్డాక రీప్లేలోకి వెళ్లి కెమెరాను బంతి మీద నుంచి జరిపి సెంటర్ మీద పెట్టండి. సెంటర్, గార్డు ఇద్దరూ కలిసి అవతలి వరుస మధ్యలో ఉండే నోస్ టాకిల్‌ను గుద్ది ఒక గజం వెనక్కి నెడతారు, ఆ వరుస వెనక నిలబడే లైన్‌బ్యాకర్ ఖాళీ వైపు అడుగు వేయగానే గార్డు భుజం వదిలేసి వాడి మీదకు పోతాడు, ఆ సందులోంచే మీ రన్నింగ్ బ్యాక్ వెళ్లిపోతాడు. స్లో మోషన్‌లో పెట్టి చూస్తే మా ఇంట్లో ఆట తెలియనివాళ్లు కూడా నోరు తెరుచుకొని చూశారు.

సెట్టింగ్స్ విషయానికొస్తే, గేమ్ స్టైల్ ఆర్కేడ్‌లో కాదు, సిమ్యులేషన్‌లో పెట్టండి. డిఫికల్టీ రూకీలో ఉంటే లైన్ ఎంత నాసిగా ఉన్నా నడిచిపోతుంది, స్టార్లతోనే గెలుస్తారు, పైన చెప్పింది ఏదీ మీకు కనపడదు. కనీసం ఆల్-ప్రో పెట్టుకోండి. కామెంటరీ ఇంగ్లీషే, రూల్స్ తెలియనివాళ్లు ముందు ట్రైనింగ్ డ్రిల్స్ చేసి రండి, లేకపోతే మొదటి వారం అంతా ఆగమాగం అవుతుంది. కొత్తగా వచ్చినప్పుడు ధర వేలల్లో ఉంటుంది, ఈ సిరీస్ పాతబడ్డ కొద్దీ డిస్కౌంట్లు గట్టిగానే పడతాయి, తొందర లేకపోతే ఆగి కొనండి. బార్క్‌లీ కవర్ మీద ఉన్న 26 కూడా 2025 ఆగస్టులో వచ్చేసింది, కొత్త రోస్టర్ కావాలంటే అదే తీసుకోండి, ఫ్రాంచైజ్ నేర్చుకోవడానికైతే 25 చాలు. మొదటి టీముగా బెంగాల్స్‌నే తీసుకోమంటా, చేజ్‌ను మాత్రం ఎవరు ఎన్ని పిక్‌లు ఇస్తామన్నా వదలొద్దు, లైన్ కోసం కోత పెట్టాల్సింది రెండో రిసీవర్ జీతంలోంచి.